చిన్నకోడలి హస్తవాసి

మా తోడికోడలి చెయ్యి మంచిదని ఒకప్పుడు రాజమండ్రి మెయిన్ రోడ్డులో సగం కొట్లవాళ్ళు నమ్మేవారు. నమ్మనిదాన్ని నేనొక్కదాన్నే. ఆ పేరు ఆవిడకి ఒక కంప్యూటరు వల్ల వచ్చింది. ఆ కంప్యూటరు మా ఇంటికి నా వల్ల వచ్చింది. అంచేత ఈ సంగతి చెప్పే హక్కు నాకే ఉందనుకుంటాను. ఆవిడ చెబితే ఇంకోలా చెబుతుంది, చెప్పుకోనివ్వండి.

మాది స్టీలు సామాన్ల హోల్‌సేలు కొట్టు. కింద కొట్టు, మేడమీద కాపురం. బిందెలు, గంగాళాలు, క్యారేజీలు మద్రాసు నుంచి లారీల్లో దిగేవి. కోరుకొండ మొదలుకుని మొగల్తూరు దాకా ఊళ్ళలో చిన్న కొట్లవాళ్ళు మా దగ్గరే సరుకు పట్టుకెళ్ళేవారు. గుమ్మం పక్కన ఒకాయన కూర్చుని గిన్నెల మీద పేర్లు కొట్టేవాడు. ఆ టకటకలు పొద్దస్తమానం మేడమీద వంటింట్లోకి వినపడేవి. నేను కాపరానికొచ్చిన మొదటి ఏళ్ళలో కొట్టంటే నాకు ఆ చప్పుడు మాత్రమే. కోడళ్ళు కొట్లోకి దిగడం మా ఇంట లేదు. పెళ్ళిళ్ళ రోజుల్లో జనం తోసుకుపడుతున్నా, కింద మనుషులు చాలక మా ఆయన గొంతు బొంగురుపోతున్నా, మేం పైనుంచి కాఫీలు పంపడమే.

నాకది చచ్చేంత కష్టంగా ఉండేది. మా నాన్నది ధవళేశ్వరంలో చిన్న కిరాణా కొట్టు. ఇరిగేషన్ ఆఫీసు బంట్రోతుల దగ్గర్నుంచి ఇంజనీర్ల ఇళ్ళ దాకా అందరికీ పప్పులూ ఉప్పులూ తూచి పొట్లాలు కట్టిన చెయ్యి నాది. ఇంటర్ అయ్యాక రోజూ బస్సెక్కి రాజమండ్రి వచ్చి కంప్యూటరు కోర్సు చేశాను. అప్పట్లో ఆ మాట అంటేనే జనం కళ్ళు పెద్దవి చేసుకుని చూసేవారు. ఏసీ గది, గుమ్మం బయట చెప్పులు విడవడం, మిషను ముందు వంతులవారీగా కూర్చోవడం. నా వంతు అయిపోయినా లేచేదాన్ని కాదని మా బ్యాచ్ మొగపిల్లలు గొణిగేవారు. పెళ్ళిచూపుల్లో ఆ కోర్సు సంగతి చెప్పి మా నాన్న మురిసిపోయాడు, విని మావయ్యగారూ మురిసిపోయారు. తీరా కాపరానికి వచ్చాక చేతికి గరిటె ఇచ్చారు.

ఎదురు కొట్టాయన పుణ్యమా అని నా రాత మారింది. ఆయనదీ స్టీలు కొట్టే. మావయ్యగారు నెమ్మదస్తులు, కూలివాడినైనా అండీ అనకుండా పలకరించరు. కానీ ఎదురు కొట్టాయన పేరు చెబితే మాత్రం తిన్నది అరగదు. ఆయన బోర్డుకి కొత్త లైట్లు పెట్టిస్తే వారం తిరక్కుండా మా బోర్డుకి అంతకంటే పెద్దవి వెలిగేవి. అలాంటిది, ఆయన కంప్యూటరు కొంటున్నాడని వర్తక సంఘం మీటింగులో ఎవరో అన్నారట. ఆ పూట మావయ్యగారు అన్నం కలుపుతూ కలుపుతూ ఆగిపోయి, "పెద్దమ్మాయ్, నీకా మిషను వచ్చు కదూ" అని అడిగారు. ఇంతకాలానికి గుర్తొచ్చింది. వచ్చునండి అన్నాను. అసూయలోంచి మంచి పుట్టదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. కొట్లో నా కుర్చీ పుట్టింది అందులోంచే.

విజయవాడ నుంచి మెకానిక్ వచ్చి బిగించి వెళ్ళాడు. టీవీ లాంటి తెర, దాని కింద బరువైన పెట్టె, ముందు అక్షరాల మీటలు. పెట్టెకి కుడిపక్క, కాస్త వెనగ్గా ఎర్రటి స్విచ్చి. అది పైకెత్తితే లోపల ఫ్యాను తిరుగుతుంది, ఆకుపచ్చ లైటు వెలుగుతుంది, కాసేపటికి కీక్‌మని ఒక్క కూత కూస్తుంది, అప్పుడు తెర మీద అక్షరాలు పడతాయి. ఆ కూత వస్తేనే మిషను లేచినట్టు. అత్తగారు పెట్టెకి పసుపు రాసి బొట్టు పెట్టారు. మావయ్యగారు మద్రాసు నుంచి తిరిగే కుర్చీ తెప్పించారు. మొదటిరోజు ఆ కుర్చీలో కూర్చుని, గల్లాపెట్టె పక్కనుంచి రోడ్డు చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఏ సరుకు ఎంతుందో, ఏది అయిపోవచ్చిందో నేను చెబితేనే మద్రాసుకి ఆర్డరు వెళ్ళేది. మా ఆయనంతటి మనిషి వచ్చి, చిన్న సైజు బిందెలు ఇంకా ఉన్నాయా అని నన్నడగాలి. మేడమీద ఉన్నన్నాళ్ళూ ఆయన నన్ను అడిగింది చారులో ఉప్పు సంగతి ఒక్కటే.

బజారువాళ్ళు ఊరుకుంటారా. కోడల్ని కొట్లో కూర్చోబెట్టారేంటండి అని ఒకరిద్దరు మావయ్యగారి మొహం మీదే అడిగారు. ఆయన తడుముకోకుండా, ఇంటి లక్ష్మి చేత్తో స్విచ్చి వేయిస్తున్నానండి, అంతకంటే శుభం ఏముంటుంది అన్నారు. ఆ జవాబు బాగా అతికింది, మళ్ళీ ఎవరూ నోరెత్తలేదు. నన్ను కూర్చోబెట్టింది నాకు పని వచ్చు గనక. పైకి చెప్పింది మాత్రం నా చేతి శుభం గురించి. ఆ తేడా అప్పుడు నేను పట్టించుకోలేదు, కుర్చీ దొరికింది చాలుననుకున్నాను.

ఇక్కడ బోణీ సంగతి కొంచెం చెప్పాలి. మా కొట్లో తలుపు తీశాక మొదటి బేరం అయ్యేదాకా కొన్ని పనులు చెయ్యకూడదు. చీపురు ముట్టకూడదు. లేదు అనే మాట నోట రాకూడదు. అన్నిటికంటే ముఖ్యంగా, వెలిగించింది ఏదైనా సరే ఆర్పకూడదు. దీపం సరే, లైటూ ఫ్యానూ కూడా బోణీ కాకుండా ఆపడానికి వీల్లేదు. కంప్యూటరు వచ్చాక దాని ఎర్ర స్విచ్చి కూడా ఆ లెక్కలోకే చేరింది. ఒకసారి పైకెత్తితే బోణీ అయ్యేదాకా కిందికి దించకూడదు. దించితే ఆ రోజు వ్యాపారం ఆరిపోతుందని మావయ్యగారి భయం. ఆ భయాన్ని ఎవరూ ఎగతాళి చేసేవారు కాదు, నేను కూడా.

మొదటి వేసవంతా మిషను బాగానే నడిచింది. వానలు పట్టాక మొదలైంది రోగం. పొద్దున్నే స్విచ్చి ఎత్తితే ఫ్యాను తిరిగేది, లైటు వెలిగేది, కూత రాదు. తెర నల్లగా ఉండిపోయేది. కోర్సులో మాకు చెప్పిన మందు ఒకటే, ఆపి మళ్ళీ వెయ్యమని. మా కొట్లో అదే కుదరదు. బోణీ కావాలి. వాన కుండపోతగా కురుస్తుంటే స్టీలు బిందె కొనడానికి ఎవరొస్తారు? ఒక్కోసారి భోజనాల వేళ దగ్గరపడేది. అందాకా ఆ నల్లటి తెర ముందు చేతులు కట్టుకుని కూర్చునేదాన్ని. బోణీ అయ్యాక ఆపి వేస్తే చాలాసార్లు లేచేది. ఎప్పుడైనా బోణీ తొందరగా అయిన రోజున మాత్రం, ఎన్నిసార్లు ఆపి వేసినా మొండికేసేది. ఎండ కాసిన రోజున ఒక్కోసారి మొదటి దెబ్బకే మహారాజులా లేచి కూర్చునేది. దాని ఇష్టం.

రోగం ఏంటో కనుక్కోవాలని నేను చెయ్యని పని లేదు. మధ్యాహ్నం కొట్టు పలచబడ్డాక ప్లగ్గు ఈ గోడకి మార్చి ఆ గోడకి పెట్టాను. స్టెబిలైజరు ముల్లు ఎటు ఊగుతోందో చూస్తూ కూర్చున్నాను. పెట్టె మూత విప్పి, పెయింటు బ్రష్షుతో దుమ్ము దులిపాను. లోపల నిలబెట్టిన సర్క్యూటు అట్టల్ని ఒక్కొక్కటే ఊడదీసి, బంగారు రంగు అంచుల్ని పెన్సిలు రబ్బరుతో రుద్ది మళ్ళీ గుచ్చాను. కోర్సులో మా సారు అలాగే చేసేవారు. చేసిన ప్రతిసారీ మధ్యాహ్నం కీక్‌మనేది. అమ్మయ్య, కుదిరింది అనుకునేదాన్ని. మర్నాడు పొద్దున్న మళ్ళీ మూగనోము. మెకానిక్‌కి కబురుపెడితే విజయవాడ నుంచి రైల్లో దిగేసరికి ఎప్పుడూ మధ్యాహ్నమే అయ్యేది. అతను స్విచ్చి ఎత్తగానే అది బుద్ధిగా లేచేది. బాగానే ఉందండి మేడం అనేసి, కాఫీ తాగి, సాయంత్రం రైలుకి వెళ్ళిపోయేవాడు. మావయ్యగారు నా వంక అదోలా చూసేవారు.

ఆ రోజుల్లోనే మా మరిది పెళ్ళయింది. పిల్ల నరసాపురం, బట్టల వ్యాపారం చేసే పెద్ద కుటుంబం. బీకాం పాసయింది. రంగు పసిమి. నవ్వితే బుగ్గ సొట్ట. పాట వచ్చు. ఆవిడ వచ్చిన వారానికే అత్తగారు ప్రతి మాటకీ, చిన్నది వచ్చిన వేళావిశేషం అనడం మొదలుపెట్టారు. లారీ టైముకి దిగినా అదే, పాలు విరక్కుండా కాగినా అదే. నేను వచ్చిన వేళకి ఏ విశేషమూ ఎందుకు లేదో నాకు తెలియదు. అడిగితే బాగుండదని అడగలేదు గానీ, లోపల కుతకుతలాడిపోయేదాన్ని.

ఒక ముసురు రోజున బోణీ ఆలస్యంగా అయింది. నేను క్యారేజీలు లెక్క చూడ్డానికి వెనక గదిలోకి వెళ్ళాను. తోడికోడలు మావయ్యగారికి కాఫీ పట్టుకుని కిందికి దిగింది. ఆయన కాఫీ అందుకుంటూ, అమ్మాయ్, ఆ ఎర్రది ఒకసారి దించి ఎత్తు అన్నారట. ఆవిడ దించి ఎత్తింది. కీక్‌మన్న కూత నాకు వెనక గదిలోకి వినపడింది. పరుగెత్తుకొచ్చేసరికి మావయ్యగారి మొహం వెలిగిపోతోంది. ఇదివరకు బోణీ అయ్యాక నేను వేసినప్పుడు కూసిన రోజులు ఎన్నో ఉన్నాయి. అవి ఎవరికీ గుర్తులేవు. ఆవిడ వేసిన ఆ ఒక్కరోజూ గుర్తుండిపోయింది.

మర్నాడు పొద్దున్న నేను వేస్తే లేవలేదు. బోణీ కాగానే నేను చెయ్యి చాచేలోపు మావయ్యగారు మేడమెట్ల దగ్గరికి వెళ్ళి చిన్నమ్మాయిని పిలిచారు. ఆవిడ తడి చేతులు కొంగుకి తుడుచుకుంటూ దిగి, దించి ఎత్తింది. లేచింది. ఆ మర్నాడూ అంతే. ఇక అది అలవాటయింది. పొద్దున్నే నేను ఎత్తాలి, అది లేవకూడదు, అందరూ చూడాలి. బోణీ అయ్యాక ఆవిడ గాజులు చప్పుడు చేసుకుంటూ దిగాలి, అది లేవాలి, అందరూ చూడాలి. నాకు తల కొట్టేసినట్టుండేది.

హస్తవాసి అన్న మాట ముందు ఎవరన్నారో తెలియదు. అన్నాక మాత్రం బజారంతా పాకింది. కొట్టుకి సరుకు కోసం వచ్చినవాళ్ళు కావాలని ఆగి, ఆవిడ స్విచ్చి వేస్తే చూసి వెళ్ళేవారు. కూల్‌డ్రింకు కొట్టాయన తన కొత్త ఫ్రిజ్‌కి ఆవిడ చేత స్విచ్చి వేయించుకుని, బ్రహ్మాండంగా ఆడుతోందండి అని పదిమందికీ చెప్పుకున్నాడు. కొత్త ఫ్రిజ్ ఎవరు వేస్తే మాత్రం ఆడదు? ఆ మాట మా ఆయనతో అంటే, నీకు కుళ్ళు అన్నాడు. కుళ్ళే. ఎందుకుండకూడదు? మిషను లోపల ఏముందో తెలిసింది నాకు, హారతి ఆవిడకి.

ఆవిడ నాతో బాగానే ఉండేది, అదొకటి నాకు పుండు మీద కారం. అక్కా, అక్కా అంటూ వెనకాల తిరిగేది. ఇదేంటి, అదేంటి అని మిషను గురించి అడిగేది. మొదట్లో ముక్తసరిగా చెప్పేదాన్ని. పోనుపోను మాట్లాడటమే మానేశాను. అవసరమైతే గోడతో అన్నట్టు అనేదాన్ని. ఆవిడ ఏదో చెప్పబోతే చేతిలో పని తీసుకుని ఇంకో గదిలోకి నడిచేదాన్ని. మధ్యాహ్నాలు నేను భోజనానికి పైకి వెళ్ళినప్పుడు ఆవిడ నా కుర్చీలో కూర్చుని, మా మరిదిని పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు కొట్టడం నేర్పుతుండేది. అతను డిగ్రీ తప్పి, కొట్లో అటూ ఇటూ తిరుగుతూ ఉండేవాడు. కొత్త మొగుడూపెళ్ళాల ముచ్చట అని అందరూ నవ్వుకున్నారు. నాకు మాత్రం నా కుర్చీ మీద వాళ్ళ నవ్వులు వినపడితే అన్నం దిగేది కాదు.

మాఘమాసం వచ్చేసరికి మావయ్యగారు తేల్చేశారు. ఉగాది నుంచి మిషను దగ్గర చిన్నమ్మాయి కూర్చుంటుందని, ఎలాగూ బీకాం గనక లెక్కలు కూడా వస్తాయని, పెద్దమ్మాయి ఇంట్లో అత్తగారికి సాయంగా ఉంటుందని భోజనాల దగ్గర చెప్పారు. ఇద్దరూ కిందికి వస్తే పైన వంటెవరు చేస్తారు అని కూడా అన్నారు, అది నిజమే. మా ఆయన తల ఎత్తలేదు. ఇక ఉగాది దాటితే నాకు మళ్ళీ వంటిల్లూ, కింది టకటకలూ. ఆ రాత్రి నాకు కంటిమీద కునుకు లేదు.

పోనీ, కూర్చోనీ, పొద్దున్నే ఆవిడే ఎత్తనీ, అప్పుడు తెలుస్తుంది బండారం అనుకుందామా అంటే, ఆ ఆశ కూడా పోయింది. ఒకరోజు మొగల్తూరు నుంచి చేపలవాళ్ళ కుటుంబం ఒకటి పిల్ల పెళ్ళి సామాను కోసం తొలి బస్సుకే దిగి, మేం తలుపు తీసేసరికి గుమ్మంలో నిలబడి ఉన్నారు. నేను స్విచ్చి ఎత్తానో లేదో బోణీ అయిపోయింది. మిషను ఎప్పట్లాగే మూగగా ఉంది. మావయ్యగారు చిన్నమ్మాయిని పిలిచారు. ఆవిడ దించి ఎత్తింది. లేవలేదు. మళ్ళీ ఎత్తింది. లేవలేదు. నాకు లోపల ఎంత సంబరంగా ఉందో చెప్పలేను. నా పెదవుల మీద అది కనపడిందేమో కూడా తెలియదు. అత్తగారు నా మొహం వంక ఒక్క క్షణం చూశారు. "నువ్వు కాసేపు పైకి వెళ్ళమ్మా" అన్నారు.

నేను మెట్లెక్కుతుండగానే ఉప్పూ మిరపకాయలూ తెప్పించి కంప్యూటరుకి దిష్టి తీశారు. నా దిష్టే. ఇక ఆవిడ చేతికి లేవకపోయినా ఆ తప్పు నాదే అవుతుంది. పైన పొయ్యి ముందు నిలబడి, మా పిల్లలకి అట్లు పోద్దామని పెనం పెట్టాను. కోపంలో పెనం కాలకుండానే పిండి పోసేశాను. అట్టు అంటుకుపోయి, గీకితే ముక్కలయింది. రెండోది కొంచెం నయం. మూడోది చక్కగా లేచింది. అప్పుడే కింద కీక్‌మంది, నేను పక్కకి తప్పుకున్నాను గనక లేచిందని అందరూ సంతోషించారు. నేను అట్లకాడ పట్టుకుని అలాగే నిలబడిపోయాను. మిషను ఎవరి చెయ్యీ చూడటం లేదు. ఈ పెనంలాగే అదీ కాలాలి. పొద్దున్నే నేను ఎత్తాక, బోణీ కాకుండా ఆపకూడదు గనక, అది ఖాళీగా కాగుతూ ఉంటుంది. బోణీ ఆలస్యమైతే బాగా కాగుతుంది, అప్పుడు ఎవరు ఆపి వేసినా లేస్తుంది. మధ్యాహ్నం మెకానిక్ వచ్చేసరికి ఎలాగూ కాగే ఉంటుంది. ఇన్నాళ్ళూ కాగబెట్టింది నేను, తిన్నది ఆవిడ.

మర్నాడు ఇంకా ఎవరూ లేవకముందే వెనక మెట్లమీంచి కిందికి దిగి, స్విచ్చి ఎత్తి, పైకొచ్చి, పొయ్యి మీద పాలు పెట్టాను. కొట్టు తెరిచే ముందు మళ్ళీ దిగి ఆపేశాను. తలుపులు తీసి దీపం పెట్టాక అందరి ముందూ ఎత్తాను. మొదటి దెబ్బకే కూసింది. ఆ మర్నాడూ కూసింది. రోజూ కూసింది. మావయ్యగారు చిరునవ్వు నవ్వి, చిన్నది వచ్చాక పెద్దమ్మాయి చెయ్యి కూడా కుదిరింది అన్నారు. నా ఒళ్ళు భగ్గుమంది. దాని ఘనత కూడా ఆవిడకే పోయింది, ఉగాది మాట అలాగే ఉంది. దొంగతనంగా నేను ఎంత కాగబెట్టినా లాభం లేదని తేలిపోయింది. ఈ హస్తవాసి అన్న మాటనే నలుగురి ముందూ విరిచెయ్యాలి, అప్పుడుగాని నా కుర్చీ నాకు మిగలదు అనుకున్నాను.

మా ఆయన చేత విజయవాడ ఫోను చేయించాను. ఈసారి పొద్దున్నే రావాలి, కొట్టు తెరవకముందు మా గుమ్మంలో ఉండాలి, లేకపోతే రావద్దని చెప్పమన్నాను. మెకానిక్ ముందురోజు వచ్చి లాడ్జిలో పడుకుని, తెల్లవారాక వచ్చాడు. ఆ రోజు నేను ముందుగా దిగలేదు. ఇంకా కొట్టు తెరవలేదు, మిషను చల్లగా ఉంది. అందరూ ఉన్నారు, మావయ్యగారూ అత్తగారూ, మా ఆయనా మరిదీ, పక్క కొట్టాయన కూడా. నేను తోడికోడలి వైపు చూడకుండా, ఇవాళ ఆవిడనే ఎత్తమనండి అన్నాను. ఆవిడ కదల్లేదు. నా మొహంలోకి చాలాసేపు చూసింది. ఏదో చెప్పబోయినట్టు పెదవి కదిపింది, నేను మొహం తిప్పుకున్నాను. అప్పుడు వెళ్ళి ఎత్తింది. ఫ్యాను తిరిగింది, లైటు వెలిగింది, కూత లేదు.

అత్తగారు నా వంక చూశారు. నన్ను పైకి పంపించి చూడండి, అప్పుడూ లేవదు అని చెప్పి మేడ మెట్లెక్కి, పైమెట్టు మీద కూర్చున్నాను. ఆవిడ దించి మళ్ళీ ఎత్తింది. లేవలేదు. అప్పుడు కిందికి వచ్చి, పెనం సంగతీ, నేను తెల్లవారకముందే దిగి వేస్తున్న సంగతీ అన్నీ చెప్పేశాను. మెకానిక్ పెట్టె విప్పి, లోపల తీగలకి మీటరు పెట్టి చూసి, మేడం చెప్పింది నిజమేనండి అన్నాడు. లోపల కరెంటు పంచే డబ్బా బలహీనపడిందని, చల్లగా ఉన్నప్పుడు చాలినంత ఇవ్వలేకపోతోందని చెప్పి, సంచీలోంచి కొత్తది తీసి బిగించాడు. పాతదాన్ని నేల మీద పెడితే అందరూ వంగి చూశారు. నేను తోడికోడలి మొహం చూశాను. వాడిపోయి ఉంది. పెళ్ళయి ఈ ఇంటికొచ్చాక అంత హాయి నేను ఎప్పుడూ ఎరగను.

"ఇక ఎప్పుడు వేసినా లేస్తుందండి" అన్నాడు మెకానిక్ చేతులు తుడుచుకుంటూ.

"ఎవరు వేసినానా" అని అడిగారు మావయ్యగారు.

ఎవరు వేసినానండి అన్నాడతను. మావయ్యగారు మా మరిదిని పిలిచారు. అతను వచ్చి ఎత్తాడు. కీక్‌మంది. తెర మీద అక్షరాలు పడ్డాయి. మావయ్యగారు ఆ అక్షరాల వంక కాసేపు చూసి, మా ఇద్దరి వైపూ తిరిగి, ఎప్పటిలాగే మెత్తగా అన్నారు. "చేతి మహిమ లేనప్పుడు ఆడపిల్లల్ని ఇంకా కొట్లో కూర్చోబెట్టడం దేనికమ్మా? ఎవరైనా అడిగితే ఏమని చెప్పను? చిన్నాడికి కొట్టడం వచ్చుగా."

అక్షరాలు కొట్టడం వేరండి, ఏ సరుకు ఎప్పుడు తెప్పించాలో అతనికి తెలియదు అన్నాను. తెలియనివి పైకొచ్చి నిన్ను అడుగుతాడులే అన్నారు. మరిది అప్పటికే తిరిగే కుర్చీలో కూర్చున్నాడు. కూర్చుని, ఒక్కసారి గిర్రున తిరిగి చూసుకున్నాడు. పక్క కొట్టాయన నవ్వాడు. తోడికోడలు అప్పటికే మెట్లెక్కుతోంది.

ఆ మర్నాడు ఇద్దరం వంటింట్లో ఉన్నాం. ఆవిడ కత్తిపీట ముందు కూర్చుని దొండకాయలు తరుగుతోంది. నేను పప్పు ఎసట్లో వేసి, ఆవిడకి వీపు తిప్పి నిలబడ్డాను. ఆవిడే అంది.

"అది వేడెక్కితే గాని లేవదని నాకు వచ్చిన కొత్తలోనే తెలిసిందక్కా."

నేను గిర్రున తిరిగాను. తెలిస్తే చెప్పలేదేం అన్నాను. చెబితే చెయ్యి మాట పోతుంది, ఆ ఒక్క మాట మీదే కదా మనల్ని కింద కూర్చోనిచ్చారు అంది. ఉగాది రోజున మావయ్యగారికి ఏం చెప్పాలో కూడా అనుకుని పెట్టుకుందట. "అక్క పొద్దున్నే ఎత్తాకే నా చెయ్యి పనిచేస్తుందండి, అక్క లేకుండా నావల్ల కాదు అందామనుకున్నాను. ఆయన నమ్మేవారు. వంటకి మనిషిని పెట్టించమని అత్తయ్యగారిని నేను అడిగేదాన్ని."

ఆ మాట అబద్ధం కూడా కాదు, అక్షరాలా నిజం. నేను ఎత్తాకే ఆవిడకి లేచేది. నలుగురి ముందూ విరిచెయ్యాలని నేను తిరుగుతున్నప్పుడు, అదే మాటతో ఆవిడ ఇద్దరికీ కుర్చీలు వేస్తోంది. ఆ మాట నాతోనైనా అనొచ్చుగా అన్నాను.

ఆవిడ దొండకాయ చీలుస్తూ తల ఎత్తలేదు. "మీరు నాతో మాట్లాడితేగా, అక్కా."

ఆవిడ రంగుకి కుళ్ళుకున్నాను, బీకాంకి కుళ్ళుకున్నాను, చేతికి కుళ్ళుకున్నాను. కానీ ఆ పొద్దున్న ఆ తెలివికి కుళ్ళుకున్నంతగా జన్మలో దేనికీ కుళ్ళుకోలేదు. ఇంకో కత్తిపీట వాల్చుకుని ఆవిడ ఎదురుగా కూర్చుని, ఆ దొండకాయల్లో సగం నా ముందుకి లాక్కున్నాను.